హన్నిబల్ ఏనుగు దిగి, ఆ 300 మంది పిల్లల వైపు చూడండి

ప్రశ్న: నేను డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. మాది హనుమకొండ. రోమ్‌కూ, ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్‌కూ మధ్య ఎప్పుడో జరిగిన యుద్ధాల గురించి చదవడం మొదలుపెట్టాక ఇంకేదీ తలకెక్కడం లేదు. టీనేజ్ పిల్లల కోసం తెలుగులో ఒక నవల మొదలుపెట్టాను. నా హీరో పదిహేనేళ్ల మావటి కుర్రాడు. కార్తేజ్ సేనాపతి హన్నిబల్ సైన్యంతో ఆల్ప్స్ పర్వతాలు దాటి ఇటలీకి వస్తాడు. ఎనభై పేజీలు అయ్యాయి. తొమ్మిదో తరగతి చదివే మా తమ్ముడికి ఇస్తే సగంలో పక్కన పెట్టేసి, "ప్రతి చాప్టర్‌లోనూ యుద్ధమే కదక్కా, వీడు ఇంటికెప్పుడు వెళ్తాడు?" అన్నాడు. అప్పటినుంచి పెన్ను కదలడం లేదు. అంత చిన్న పిల్లలు నిజంగా యుద్ధంలో ఉండేవాళ్లా? నేను ఎవరి పక్షాన రాయాలి, రోమ్ వైపా, కార్తేజ్ వైపా? హీరో బదులు ఒక అమ్మాయి కథ రాస్తే ఆ కాలానికి అతుకుతుందా? కార్తేజ్ వాళ్లు రాసుకున్న చరిత్రలేవీ మిగల్లేదంటున్నారు, మరి వాళ్ల ఇళ్లలో బతుకు ఎలా ఉండేదో ఎలా తెలుస్తుంది? ఇంట్లోనేమో "మన చరిత్రే బోలెడుంది, వాళ్ల గొడవ నీకెందుకు" అంటున్నారు. సెమిస్టర్ పరీక్షలు కూడా దగ్గరకొస్తున్నాయి. టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు

సమాధానం: మీ తమ్ముడు అడిగింది చిన్న ప్రశ్న కాదు. ఆ కుర్రాడు ఇంటికెప్పుడు వెళ్తాడా అన్న ఆదుర్దా చదివేవాళ్లకు కలగాలంటే ముందు వాడికి ఇల్లంటూ ఒకటి ఉండాలి. అందులో వాడి కోసం ఎదురుచూసే మనిషి ఉండాలి. మీ ఉత్తరంలో ఏనుగు ఉంది, ఆల్ప్స్ ఉన్నాయి, హన్నిబల్ ఉన్నాడు. ఇల్లు మాత్రం లేదు. పెన్ను ఆగిపోయింది అందుకేనని నాకనిపిస్తోంది.

ముందు ఏనుగుల సంగతి చూద్దాం. క్రీ.పూ. 218లో హన్నిబల్ రోన్ నది దాటించిన ఏనుగులు 37. తెప్పలు కట్టి, నేలలా కనిపించడానికి వాటి మీద మట్టి పరిచి, ఆడ ఏనుగులను ముందు నడిపించి మగవాటిని వాటి వెనక రప్పించారని గ్రీకు చరిత్రకారుడు పాలిబియస్ రాశాడు. చదువుతుంటే కళ్లకు కట్టినట్టుంటుంది, మీరు ఆ దృశ్యం మీద మనసు పారేసుకున్నారంటే తప్పు పట్టలేను. కానీ ఆ డిసెంబర్‌లో ట్రెబియా నది ఒడ్డున యుద్ధం జరిగింది. వెంటనే వానా మంచూ కలిసి కురిశాయి. ఆ చలికి ఒక్కటి తప్ప ఏనుగులన్నీ చచ్చిపోయాయని అదే పాలిబియస్ చెబుతున్నాడు. మరుసటి ఏడాది వసంతంలో ఆర్నో నది చిత్తడి నేలల్లో హన్నిబల్ ఎక్కి వెళ్లింది ఆ మిగిలిన ఒక్క ఏనుగునే. అక్కడే అతనికి ఒక కన్ను పోయింది. యుద్ధం మాత్రం 201 దాకా సాగింది. అంటే మీ మావటి కుర్రాడికి మొదటి చలికాలంలోనే చేతిలో పని పోతుంది. ఆ తర్వాత వాణ్ని కత్తి పట్టించి ఒక యుద్ధం నుంచి ఇంకో యుద్ధానికి తిప్పడం తప్ప మీకు దారి ఉండదు. మీ ఎనభై పేజీల్లో జరిగింది అదే అయ్యుంటుంది.

దీనికి మరో కారణం కూడా ఉంది. అభిమన్యుడి కథ, పల్నాటి బాలచంద్రుడి కథ వింటూ పెరిగినవాళ్లం మనం. యుద్ధంలో కుర్రాడు అనగానే తల్లి వద్దన్నా వినకుండా వెళ్లే వీరుడే మన కళ్ల ముందుకొస్తాడు. ఆ కథలు గొప్పవే. కానీ మీరు రాయదలుచుకున్న కాలంలో పిల్లలు యుద్ధంలోకి వెళ్లిన దారులు వేరు. ఎక్కువమందిని పెద్దవాళ్లు లెక్కపెట్టి తీసుకెళ్లారు, కొన్నారు, అమ్మారు, పూచీగా అప్పగించారు.

రోమ్‌లో సైన్యంలో చేర్చుకునే వయసు 17. క్రీ.పూ. 216 ఆగస్టు 2న ఇటలీలోని కన్నే దగ్గర హన్నిబల్ చేతిలో రోమ్ సైన్యం తుడిచిపెట్టుకుపోయింది. చనిపోయినవాళ్లు సుమారు 48 వేల మందని రోమన్ చరిత్రకారుడు లివీ, 70 వేల మందని పాలిబియస్ లెక్క చెప్పారు. ఏ లెక్క తీసుకున్నా అది ఒక్క పగటి పూట జరిగింది. ఆ ఏడాది పంటల దేవత సెరీస్‌కు గృహిణులు చేసే పూజ ఆగిపోయింది, ఎందుకంటే మైల లేని ఇల్లాలు ఊళ్లో లేదు. మైల ముప్పై రోజులకు మించి పట్టకూడదని రోమ్ పాలక సభ సెనేట్ ఆజ్ఞ వేయాల్సి వచ్చింది. ఆ తర్వాత కొత్త సైన్యం కూర్చేటప్పుడు 17 నిండినవాళ్లతో పాటు, ఇంకా చిన్నపిల్లల ఊదా అంచు బట్టల్లోనే తిరుగుతున్న కొందరిని కూడా చేర్చుకున్నారు. 8 వేల మంది బానిస యువకులను ప్రభుత్వమే డబ్బిచ్చి కొని, వస్తారా అని ఒక్కొక్కరినీ అడిగి ఆయుధాలు చేతికిచ్చింది. హన్నిబల్ దగ్గర పట్టుబడిన సొంత సైనికులను మాత్రం డబ్బు కట్టి విడిపించుకోవడానికి ఒప్పుకోలేదు.

212 నాటికి అదీ చాలలేదు. అప్పుడు సెనేట్ రెండు బృందాలను నియమించింది. ఒకటి రోమ్ చుట్టూ 50 మైళ్ల లోపల, రెండోది అంతకు అవతల, పల్లెల్లోనూ సంతల్లోనూ తిరగాలి. ఆయుధం మోయగల ఒడ్డూ పొడుగూ ఉన్న పిల్లవాడు కనబడితే వయసు నిండకపోయినా పేరు రాసుకోవాలి. 17 రాకముందు చేసిన సర్వీసు కూడా లెక్కలోకి వచ్చేలా చూస్తామన్నారు. మీ మొదటి సందేహానికి జవాబు ఇదే. ఉండేవాళ్లు. కానీ ఏనుగు అంబారీ మీద కాదు. సంతకు కూరగాయలు తెచ్చిన ఒక తల్లి పక్కన నిలబడి ఉండగా, ఎవరో అధికారి వచ్చి ఆమె కొడుకు భుజాలు తడిమి చూసి పేరు అడిగాడు. నాకైతే ఆల్ప్స్ కంటే ఆ సంతే ఎక్కువ భయం పుట్టిస్తుంది.

ఇష్టపడి యుద్ధంలోకి దూకిన పిల్లవాడే కావాలంటే అలాంటివాడూ చరిత్రలో ఉన్నాడు. పేరు మస్సివా. ఉత్తర ఆఫ్రికాలోని నుమిడియా రాజు గాలాకు కూతురి కొడుకు. తండ్రి లేడు, తాత దగ్గర పెరిగాడు. మేనమామ మసినిస్సా కార్తేజ్‌కు సాయంగా గుర్రపు దళంతో స్పెయిన్ వెళ్తే వెంట వెళ్లాడు. చిన్నవాడివి, యుద్ధంలోకి రావద్దని మామ కట్టడి చేశాడు. క్రీ.పూ. 208లో బైకులా యుద్ధం రోజు మామకు తెలియకుండా ఆయుధాలూ గుర్రమూ తీసుకుని బయటికొచ్చాడు. గుర్రం తడబడి కింద పడేసింది. రోమన్లకు దొరికిపోయాడు. పట్టుబడిన ఆఫ్రికా వాళ్లను ఒక అధికారి బానిసలుగా అమ్మేస్తూ, వీడు రాజవంశం వాడని విని సేనాపతి స్కిపియో దగ్గరికి పంపాడు. మామ దగ్గరికి వెళ్తావా అని స్కిపియో అడిగితే కుర్రాడు సంతోషంతో ఏడ్చేశాడట. బంగారు ఉంగరం, వెడల్పాటి ఊదా చారల అంగీ, బంగారు పిన్నుతో స్పెయిన్ దుప్పటి, అలంకరించిన గుర్రం ఇచ్చి, రౌతులను తోడిచ్చి పంపించాడు స్కిపియో. రెండేళ్ల తర్వాత ఆ మసినిస్సా రోమ్ వైపు తిరిగాడు.

ఈ కథను చాలామంది స్కిపియో మంచితనానికి ఉదాహరణగా చెబుతారు. మీరు ఇంకో వైపు నుంచి చదవండి. ఆ రోజు అదే వరసలో మస్సివా పక్కన నిలబడ్డ ఇంకో పిల్లవాడికి తాత రాజు కాకపోతే? వాణ్ని ఎవరూ ఎవరి దగ్గరికీ పంపలేదు, అమ్మేశారు. నవలకు పనికొచ్చేది ఆ రెండో పిల్లవాడే. వాడి పేరు ఏ పుస్తకంలోనూ లేదు కాబట్టి పేరు పెట్టే హక్కు మీకుంది.

ఎవరి పక్షం అన్నదానికి వస్తాను. 209లో స్కిపియో స్పెయిన్‌లోని న్యూ కార్తేజ్ పట్టణాన్ని పట్టుకున్నాడు. అక్కడ 300 మందికి పైగా స్పెయిన్ తెగల బందీలు దొరికారు. వాళ్లు నేరస్తులు కారు. తమ వాళ్లు కార్తేజ్‌కు ఎదురు తిరగకుండా పూచీగా తెచ్చిపెట్టుకున్న మనుషులు, అందులో పిల్లలు చాలామంది. స్కిపియో ఆ పిల్లలను ఒక్కొక్కరినీ దగ్గరకు పిలిచి, భయపడకండి, త్వరలోనే అమ్మానాన్నలను చూస్తారని చెప్పి, ఆడపిల్లలకు బొమ్మలూ గాజులూ, మగపిల్లలకు చిన్న కత్తులూ ఇచ్చాడు. అప్పుడు మందోనియస్ అనే నాయకుడి భార్య, పెద్దావిడ, అతని కాళ్ల మీద పడి మమ్మల్ని కార్తేజ్ వాళ్లకంటే మర్యాదగా చూడమని వేడుకుంది. తిండికి లోటు జరిగిందేమో అనుకున్నాడు స్కిపియో. మేం అడిగేది కడుపు గురించి కాదంది ఆవిడ. ఆమె వెనకాల ఎదిగిన ఆడపిల్లలు నిలబడి ఉన్నారు. వాళ్లను చూశాక అతనికి అర్థమైంది, కళ్లల్లో నీళ్లు తిరిగాయంటాడు పాలిబియస్. ఆ ఆడపిల్లలకు అప్పటిదాకా ఏం జరిగిందో ఆవిడ నోరు తెరిచి చెప్పలేదు. చెప్పకుండానే అంతా చెప్పింది.

ఇలా పరాయి పిల్లలను పెట్టుకున్నది కార్తేజ్. ఎనిమిదేళ్లు తిరిగేసరికి అదే కార్తేజ్ ఓడిపోయి సంధి రాసుకుంది. 10 వేల టాలెంట్ల (అప్పటి తూకం కొలత) వెండి 50 ఏళ్లలో కట్టాలి, పది తప్ప యుద్ధనౌకలన్నీ, ఏనుగులన్నీ ఇచ్చేయాలి. ఇంకొక షరతు చూడండి. 100 మందిని పూచీగా ఇవ్వాలి, వాళ్ల వయసు 14కి తగ్గకూడదు, 30కి మించకూడదు, ఎంపిక చేసేది రోమ్ సేనాపతి. పద్నాలుగేళ్లు నిండాయా లేదా అన్నది ఆ రోజు ఎన్ని ఇళ్లలో చావు బతుకుల లెక్క అయ్యుంటుందో ఆలోచించండి. పద్నాలుగు రావడానికి రెండు నెలలు తక్కువున్న పిల్లవాడు, నిండి రెండు నెలలైన వాడి పెదనాన్న కొడుకు. ఈ ఒక్క షరతు మీద ఒక నవల నిలబడుతుంది.

కాబట్టి రోమ్ పక్షమా కార్తేజ్ పక్షమా అని తల బద్దలు కొట్టుకోకండి. మీరు పిల్లల పక్షాన రాయండి. తటస్థంగా ఉండమని కాదు నేను చెప్పేది. పిల్లలను ఎవరు పూచీ పెట్టమన్నారు, ఎవరు పెట్టారు, ఎవరు చూస్తూ ఊరుకున్నారు అని గట్టిగా అడగండి. అప్పుడు రోమ్ వాడైనా కార్తేజ్ వాడైనా మీ కథలో మనిషిలా నిలబడతాడు.

పెద్దవాళ్ల రాజకీయానికీ పిల్లల మనసుకూ మధ్య గొడవ ఎలా ఉండేదో చూడాలంటే ఇటలీలోని కాప్యువా పట్టణంలో జరిగిన ఒక విందు గురించి లివీ రాసింది చదవండి. కన్నే తర్వాత ఆ ఊరు హన్నిబల్ వైపు తిరిగింది. తిప్పినవాళ్లలో ముఖ్యుడు పకూవియస్ కలావియస్. అతని కొడుక్కి అది ఇష్టం లేదు. హన్నిబల్ వచ్చిన రోజు విందులో కొడుకు గుక్కెడు కూడా తాగలేదు. మధ్యలో తండ్రిని ఇంటి వెనక తోటలోకి తీసుకెళ్లి, బట్టల కింద దాచిన కత్తి చూపించాడు. ఈ రోజే హన్నిబల్‌ను చంపేస్తానన్నాడు. కొన్ని గంటల కిందటే చేతిలో చెయ్యేసి ప్రమాణం చేశాం కదరా, ముందు నన్ను పొడిచి వెళ్లమని తండ్రి కొడుకుని వాటేసుకుని ఏడ్చాడు. చివరికి ఆ కుర్రాడు కత్తిని తోట గోడ మీంచి వీధిలోకి విసిరేసి, మళ్లీ వెళ్లి విందులో కూర్చున్నాడు. యుద్ధం ఒక్కటి కూడా లేని ఘట్టం అది. మీ ఎనభై పేజీల పక్కన పెట్టి చూసుకోండి.

అదే యుద్ధ కాలంలో సిసిలీ దీవిలోని సిరక్యూస్‌లో పదిహేనేళ్ల హైరోనిమస్ రాజయ్యాడు, 13 నెలలకే లియాంటిని పట్టణంలో ఒక ఇరుకు సందులో హత్యకు గురయ్యాడు. ఆ తర్వాత రాజవంశం ఆడవాళ్లను కూడా చంపమన్నారు. హెరాక్లియా అనే ఆమెనూ, పెళ్లికాని ఆమె ఇద్దరు కూతుళ్లనూ చంపేశాక, చంపొద్దన్న కబురు వచ్చింది. ఇది మీ నవలలోకి రాకపోవచ్చు. తెలిసి ఉండాలని చెబుతున్నాను.

ఇక నా సలహా. హన్నిబల్‌ను వదిలేయండి. అరవై ఏళ్లు ముందుకు జరిగి క్రీ.పూ. 149కి రండి. కార్తేజ్ నగరం, ఇప్పటి ట్యూనిస్ శివార్లలో ఉన్న చోటు. 50 ఏళ్ల అప్పు తీర్చేసింది. వ్యాపారం మళ్లీ పుంజుకుంది. పక్కన ముసలి మసినిస్సా, అవును ఆ మేనమామే, పొలాలు ఆక్రమిస్తూ ఉంటే ఓపిక నశించి అతనితో యుద్ధానికి దిగింది. మా అనుమతి లేకుండా యుద్ధం చేశారని రోమ్ సాకు దొరకబుచ్చుకుంది. సైన్యం సిసిలీకి చేరింది. పెద్ద కుటుంబాల పిల్లలను 300 మందిని 30 రోజుల్లో అక్కడి లిలిబియం రేవులో అప్పగించండి, మీ నగరానికి స్వేచ్ఛ ఉంటుంది అంది సెనేట్.

కార్తేజ్ అప్పగించింది. కార్తేజ్ రేవులో పిల్లలను ఓడ ఎక్కించిన దృశ్యాన్ని గ్రీకు చరిత్రకారుడు అప్పియన్ రాశాడు. తల్లులు పిల్లలను పట్టుకుని వదల్లేదు. ఓడ తాళ్లు పట్టుకు వేలాడారు, లంగర్లు పట్టుకున్నారు, నావికులను అడ్డుకున్నారు. కొందరు నీళ్లలోకి దూకి ఓడ పక్కనే చాలా దూరం ఈదుకుంటూ వెళ్లారు, పిల్లల వైపు చూస్తూ. రోమ్ చేరాక ఆ పిల్లలందరినీ ఒక్కచోట బంధించారు. ఎక్కడో తెలుసా? మాసిడోనియా రాజు దగ్గర గెలుచుకొచ్చిన బ్రహ్మాండమైన ఓడను నిలిపిన షెడ్డులో. ఈ సంగతి రాసిన పాలిబియస్ కూడా ఒకప్పుడు బందీయే. గ్రీసు నుంచి పూచీగా పట్టుకెళ్లిన 1,000 మందిలో ఒకడు, 17 ఏళ్లు ఇటలీలో గడిపాడు. అతని పుస్తకంలో బందీల మాట వచ్చిన చోటల్లా నెమ్మదిగా చదవండి.

పిల్లలను ఇచ్చేశాక ఆయుధాలు ఇమ్మన్నారు. 2 లక్షల మందికి సరిపడా కవచాలూ ఆయుధాలూ, రాళ్లు రువ్వే యంత్రాలు 2 వేలు బళ్ల మీద తోలుకొచ్చి ఇచ్చారు. అప్పుడు అసలు మాట బయటపెట్టారు రోమ్ సైన్యాన్ని నడిపిస్తున్న కాన్సుల్స్. నగరం ఖాళీ చేయండి, సముద్రానికి 80 స్టేడియాల దూరం, అంటే సుమారు 15 కిలోమీటర్లు, లోపలికి ఎక్కడైనా ఇళ్లు కట్టుకోండి, ఈ నగరాన్ని కూల్చేస్తాం. ఆ కబురు ఊళ్లోకి రాగానే పిల్లలను పోగొట్టుకున్న తల్లులు వీధుల్లో పిచ్చెత్తినట్టు తిరిగారు. కనిపించిన ప్రతి మగవాణ్నీ ఆపి, వద్దు మొర్రో అంటే మా పిల్లలను ఇచ్చేశారు కదా అని నిలదీశారు. నా దృష్టిలో ఈ మొత్తం యుద్ధాల చరిత్రలో న్యాయంగా మాట్లాడింది ఆ తల్లులే.

అదే రోజు కార్తేజ్ యుద్ధం ప్రకటించింది. బానిసలందరికీ స్వేచ్ఛ ఇచ్చింది. గుళ్లూ ఖాళీ స్థలాలూ అన్నీ ఆయుధాల కార్ఖానాలయ్యాయి. ఆడా మగా కలిసి రాత్రీ పగలూ, వంతులవారీగా తిని పనిచేశారు. రోజుకు 100 డాళ్లు, 300 కత్తులు, యంత్రాలతో విసిరే 1,000 బాణాలు, 500 ఈటెలు. యంత్రాలకు పేనడానికి నార దొరక్కపోతే ఆడవాళ్లు జుట్టు కత్తిరించి ఇచ్చారు.

మీరు అడిగిన అమ్మాయి ఇక్కడ ఉంది. నేనైతే ఆమెను పెద్దింటి బిడ్డగా కాక, ఆ ఇంట్లో బానిసగా పెంచుతాను. పద్నాలుగేళ్లు. ఆ ఇంటి చిన్నబాబుని ఎత్తుకుని తిప్పింది, వాడికి అన్నం తినిపించింది ఆమే. వాణ్ని ఓడ ఎక్కించిన రోజు రేవులో ఏడవడానికి కన్నతల్లికి ఉన్న చోటు ఆమెకు ఉండదు. కొద్ది రోజులకే, నగరం చావుకు సిద్ధమైన రోజునే, ఆమెకు స్వేచ్ఛ వస్తుంది. ఎక్కడికి పోవాలి? ఆమె జుట్టు తాడుగా మారి గోడ మీద ఒక యంత్రంలో ఉంటుంది. మూడేళ్ల ముట్టడి. 146లో రోమన్లు లోపలికొచ్చి, రేవు దగ్గరి చావడి నుంచి బిర్సా కొండ దాకా ఉన్న ఆరంతస్తుల ఇళ్ల మీద, ఒక డాబా నుంచి ఇంకో డాబాకు పలకలు వేసుకుని దాటుతూ పోరాడారు. ఆరు రోజులూ ఆరు రాత్రులూ. చివరికి కొండ దిగి లొంగిపోయినవాళ్లు 50 వేల మంది. వాళ్లను బానిసలుగా అమ్మేశారు. మీ అమ్మాయికి అప్పటికి పదిహేడు. మూడేళ్లే స్వేచ్ఛ. ఆ ఓడ షెడ్డులో వదిలిన పిల్లవాడు రోమ్‌లో ఉన్నాడు, ఆమెను అమ్మేది కూడా ఇటలీ వైపే కావచ్చు. ఇక్కడి నుంచి కల్పన మీది. ఇలాగే రాయాలని లేదు, కానీ కథలో ఇల్లు, ఎదురుచూపు, వయసు మూడూ ఉండేలా చూసుకోండి.

ఇళ్లలో బతుకు గురించి. కార్తేజ్ పడిపోయాక దాని గ్రంథాలయాలను రోమ్ ఆఫ్రికాలోని చిన్న రాజులకు పంచేసింది. కార్తేజ్ రచయిత మాగో రాసిన 28 భాగాల వ్యవసాయ గ్రంథాన్ని మాత్రం లాటిన్‌లోకి తర్జుమా చేయించింది. కాబట్టి మీకు దొరికేవి శత్రువుల పుస్తకాలూ, తవ్వకాలూ. బిర్సా కొండ వాలు మీద ఫ్రెంచ్ పురావస్తు బృందం వాళ్లు చివరి రోజుల నాటి ఒక పేటనే బయటపెట్టారు. ఒకదానికొకటి ఆనుకున్న ఇళ్లు, ఇంటి కింద వాన నీళ్లు నిలవ చేసే గచ్చు తొట్టెలు. ముట్టడి మూడేళ్లూ ఆ తొట్టెల్లో నీటి మట్టం చూసుకుంటూ బతికి ఉంటారు. మీ అమ్మాయి రోజూ చేద వేసేది అందులోనే.

వంట కూడా ఒకటి దొరికింది. కార్తేజ్ జావ. ఒక పౌను గోధుమ రవ్వ నానబెట్టి, మూడు పౌన్ల పచ్చి జున్ను, అర పౌను తేనె, ఒక గుడ్డు కలిపి కొత్త కుండలో ఉడికించాలి. దాన్ని రాసిపెట్టింది కేటో, కార్తేజ్‌ను నాశనం చేసి తీరాలని సెనేట్‌లో పట్టుబట్టిన ఆ ముసలాయనే. వాళ్ల ఊరు ఉండకూడదన్నాడు, వాళ్ల జావ మాత్రం తన పుస్తకంలో ఉంది. మీ చిన్నబాబుకి ఆ జావే పెట్టించండి.

పేర్ల దగ్గర జాగ్రత్త. కార్తేజ్ చరిత్రలో హన్నిబళ్లు, హస్ద్రుబళ్లు, హన్నోలు లెక్కలేనంతమంది. చదివేవాళ్లు తికమకపడతారు. ఆడపిల్లలకు అరిషత్, ఎలిషత్ లాంటి పేర్లు శాసనాల్లో ఉన్నాయి, మన నోటికీ బాగా తిరుగుతాయి. ఇంకొకటి, కార్తేజ్ వాళ్లు పసిపిల్లలను దేవుడికి బలిచ్చేవాళ్లని గ్రీకు, రోమన్ రచయితలు రాశారు. పసిపిల్లల కాలిన ఎముకలున్న కుండలు తవ్వకాల్లో దొరికాయి కూడా. అవి బలులా, పురిట్లో పోయిన బిడ్డల సమాధులా అని పండితులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. ఉత్కంఠ కోసం దాన్ని కథలోకి లాగకండి.

ఇంట్లోవాళ్లతో వాదన పెట్టుకోవద్దు. రోమ్ నాణేలు తర్వాతి శతాబ్దాల్లో మన తెలుగు నేల దాకా వచ్చాయి, భూమిలోంచి బయటపడ్డాయి కూడా. అంత పరాయి ఊరేం కాదది. పైగా మన పిల్లలకు ఈ యుద్ధాలు పోటీ పరీక్షల్లో తేదీలుగానే తెలుసు. వాళ్ల వయసు పిల్లల కథగా తెలుగులో చెప్పేవాళ్లు కావాలి, మీకు ఆ తపన ఉంది. మన చరిత్ర మీద నవల తర్వాత రాయొచ్చు, ఎవరూ కాదనరు.

ముందు పరీక్షలు రాసేయండి. ఎనభై పేజీలూ చింపకుండా ఒక ఫైల్‌లో పెట్టండి, మంచూ చలీ రాసిన వర్ణనలు పనికొస్తాయి. సెలవుల్లో అప్పియన్ కార్తేజ్ యుద్ధాల గురించి రాసిన భాగంతో మొదలుపెట్టండి. ఇంగ్లిష్ అనువాదం ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉంది, 149 నాటి ఘట్టాలు దాదాపు ఇరవై పేజీలకు మించవు. అతను ఆ సంఘటనలకు సుమారు 300 ఏళ్ల తర్వాత రాశాడని గుర్తుంచుకోండి. తర్వాత పాలిబియస్ 36వ పుస్తకంలో మిగిలిన ముక్కలు చూడండి. ఇద్దరూ ఒకే విషయం చెప్పిన చోట ధైర్యంగా రాయండి, తేడా వచ్చిన చోట మీ అమ్మాయి కళ్లతో ఏది కనబడుతుందో అది రాయండి. మొదటి అధ్యాయం రేవులో కాకుండా దానికి నెల ముందు, పేర్ల జాబితా తయారవుతున్న రోజుల్లో మొదలుపెడితే బాగుంటుంది. పూర్తయ్యాక పంపండి, చదివి రాస్తాను.